ఫియట్ ఎక్స్1/9: కొనాలనుకునేవాళ్లకు ఏళ్ల తరబడి నడిపినవాడి మాట

పికప్ కోసమైతే ఈ చిన్న రెండు సీట్ల ఇటాలియన్ స్పోర్ట్స్ కారు జోలికి వెళ్లొద్దు. నాది 1981 అమెరికా మోడల్, 1,498 సీసీ, 75 హార్స్‌పవర్. కాలిఫోర్నియా ఫ్రీవే మీద పక్కన వెళ్లే మామూలు కార్లన్నీ దీన్ని దాటేస్తాయి. అదే శాంటా క్రూజ్ కొండల్లో మలుపుల రోడ్డు ఎక్కిస్తే మాత్రం దీని సత్తా తెలుస్తుంది. ఇంజిన్ సీట్ల వెనక, వెనక చక్రాలకు కాస్త ముందు అడ్డంగా ఉంటుంది. ముందు బరువు తక్కువ కాబట్టి పవర్ స్టీరింగ్ లేకపోయినా చేతులు లాగవు. స్టీరింగ్ ఇలా తిప్పగానే బండి అలా తిరుగుతుంది, తూలదు. స్పీడ్ లిమిట్‌లో ఉండి కూడా ఇంత ఆనందం ఇచ్చే కారు నేనింకొకటి నడపలేదు.

దీని రూపం ఇటలీలోని కార్ల డిజైన్ కంపెనీ బెర్టోనేలో మార్చెల్లో గాండినీ గీసింది. పేరుమోసిన స్పోర్ట్స్ కారు లాంబొర్గినీ మియురా గీసిందీ ఆయనే. 1972లో వచ్చింది, 1989 దాకా తయారైంది. చివరి ఏళ్లలో బెర్టోనే పేరుతోనే అమ్మారు.

రోజువారీ వాడకానికి అనుకున్నదానికంటే నయం. పైకప్పు ఊడదీసి ముందు డిక్కీలో పెట్టినా దాని కింద బ్యాగులు పడతాయి. వెనక డిక్కీ ఇంజిన్ పక్కనే కాబట్టి వేడెక్కుతుంది, అందులో కూరగాయలు పెడితే ఇంటికొచ్చేసరికి వాడిపోతాయి.

టెన్షన్ పెట్టేది కూలింగ్. రేడియేటర్ ముందు, ఇంజిన్ వెనక, మధ్యలో బండి కింద నుంచి పొడవాటి పైపులు. ఎక్కడ గాలి చిక్కుకున్నా టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది. కూలెంట్ మార్చినప్పుడల్లా హీటర్ పూర్తిగా తెరిచి, రేడియేటర్ పైనున్న స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి సన్నటి ధార వచ్చేదాకా పోస్తూ ఉండాలి. ఓపిగ్గా చేస్తే మండుటెండలో కూడా ముల్లు కదలదు. దీని హెడ్‌లైట్లు లోపల దాగి ఉంటాయి, వేసినప్పుడు పైకి లేస్తాయి. అవి లేవకపోతే ముందు ఎర్త్ కనెక్షన్లు శుభ్రం చేయండి, చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

కొనేటప్పుడు ఇంజిన్ కన్నా ముందు బాడీ చూడండి. ఇంజిన్ బాగుచేయించుకోవచ్చు, తుప్పు పట్టిన రేకు పని మాత్రం బండి ధరను మించిపోతుంది. కొత్త పెయింట్ మెరుపును నమ్మొద్దు. కార్పెట్ ఎత్తండి, బ్యాటరీ కింద చూడండి, సస్పెన్షన్ బిగించే చోట్లు తడమండి. సీటు వెనక స్టెప్నీ బయటికి తీసి ఆ అరలో టార్చ్ వేయండి. అక్కడ తుప్పు లేకపోతే ఆ బండిని ఎవరో శ్రద్ధగా చూసుకున్నట్టే, అలాంటిదానికి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

ఇంజిన్‌లో వాల్వులను పిస్టన్లతో సమయానికి కదిలించే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే, మార్పించాకే నడపండి. ఈ 1500 ఇంజిన్‌లో అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి మోడళ్లకు స్మాగ్ టెస్ట్, అంటే పొగ కాలుష్య పరీక్ష, తప్పదు. ఆ సర్టిఫికెట్ అమ్మేవాళ్లే ఇవ్వాలి. అది చేతికొచ్చాకే డబ్బు కట్టండి.