ఎలుకల్లో కొవ్వు కొలిచే టీడీ-ఎన్ఎంఆర్: ఏళ్ల తరబడి వాడినాక నా మాట

తిరుపతిలో మా ల్యాబ్‌లో విస్టార్ రకం ల్యాబ్ ఎలుకలకి హై ఫ్యాట్ డైట్ పెట్టే పనే ఎక్కువ, బరువు పెరిగింది సరే అందులో కొవ్వెంత కండెంత అనేదే మాకెప్పుడూ గొడవ. టీడీ-ఎన్ఎంఆర్ అంటే ఎలుకని మాగ్నెట్‌లో పెట్టి రేడియో తరంగాలతో ఒంట్లో కొవ్వు, కండ లెక్కకట్టే మెషీన్, దాంట్లో నాకు బాగా నచ్చింది ఏందంటే మత్తు ఇయ్యాల్సిన పన్లేదు, ఎలుకని ట్యూబులోకి పంపి కదలకుండా అడ్డం పెడితే రెండు నిమిషాల్లో కొవ్వు, కండ, నీళ్లు గ్రాముల్లో వచ్చేస్తాయి, అదే ఎలుకని వారం వారం చూసుకోవచ్చు.

ముందు డెక్సాతో, అంటే ఎక్స్‌రేతో ఎముక, కొవ్వు, కండ కొలిచే స్కానర్‌తో నెట్టుకొచ్చినాం. బోన్ డెన్సిటీ కావాలంటే మాకిప్పటికీ అదే దిక్కు. కానీ దానికి ఎలుక కదలకుండా పడుకోవాల, అంటే మత్తు, మేం కెటామిన్-జైలజీన్ అనే మత్తుమందుల జోడీ ఇచ్చేవాళ్లం, జైలజీన్ పడినాక బ్లడ్ షుగర్ ఎగిరిపోతుంది, ఇంక ఆ పూట గ్లూకోజ్ టెస్టు ఊసే ఎత్తకూడదు. డయాబెటిస్ మీద పనిచేసేవాళ్లకి ఇది మామూలు తలనొప్పి కాదబ్బా.

కొత్తగా వచ్చే పిల్లలు కొవ్వు, కండ కలిపి చూసి, తూకంతో సరిపోలేదని మెషీన్ పాడైందంటారు. పాడవలేదు, ఎముకల్లో ఖనిజం, వెంట్రుకలు దానికి కనపడవు, అంతే. కడుపులో మేత సంగతి మాత్రం జాగ్రత్త, 60 శాతం కేలరీలు కొవ్వు నుంచే వచ్చే ఫీడ్ మెక్కిన ఎలుకని వెంటనే పెడితే ఆ కొవ్వు కూడా ఒంటి కొవ్వు లెక్కలోనే పడుతుంది, అందుకే రోజూ ఒకే టైముకి కొలవాల.

పెద్ద ఎన్ఎంఆర్ మెషీన్ల మాగ్నెట్‌ని చల్లగా ఉంచే హీలియం ఖర్చు దీనికి లేదు, ఇది పర్మనెంట్ మాగ్నెట్. కానీ మాగ్నెట్ వేడి నిలకడగా లేకపోతే రీడింగ్ పక్కకి జరిగిపోతుంది, మే నెలలో మా ఊరి ఎండకి కరెంటు, ఏసీ రెండూ పోయినాయంటే అది మళ్లీ కుదురుకునేదాకా కూర్చోవాల్సిందే. యూపీఎస్ లేకుండా మాత్రం కొనద్దండి.

పొట్టలో కొవ్వా చర్మం కింద కొవ్వా అంటే ఇది చెప్పలేదు, దానికి మైక్రో సీటీ (చిన్న జంతువుల సీటీ స్కానర్) ఉండాల, లేకపోతే కోసి ఫ్యాట్ ప్యాడ్లు, అంటే కొవ్వు ముద్దలు తీసి తూయాల. ఇంక స్టడీ చివర్లో కొన్ని ఎలుకలనైనా ఆరబెట్టి, రుబ్బి, సాక్స్‌లెట్ అనే, ద్రావకంతో కొవ్వు కరిగించే గాజు పరికరంలో కొవ్వు తీసి మెషీన్ నంబర్‌తో పోల్చుకోండి, వాసనకి ఆ రోజు అన్నం సయించదు గానీ ఆ పోలిక లేని గ్రాఫుని నేనైతే నమ్మను. చెవికి స్టీలు ట్యాగులు వేసే అలవాటుంటే ముందే మానేయండి, లోహం లోపలికి పోకూడదు, మేం తోకమీద మార్కర్‌తో గీతలు పెడతాం, చెరిగిపోతుంటే మళ్లీ దిద్దుకుంటాం.