మగ ల్యాబ్‌కు తోడుగా దేశీ ఆడకుక్క: కొన్నేళ్లు కలిపి పెంచాక

ఇంట్లో ఒక లాబ్రడార్ (ల్యాబ్) ఉండి, దానికి తోడు వెతుకుతున్నవాళ్లు మొదట అడిగేది ఏ బ్రీడ్ తెచ్చుకోవాలని. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి: ఆడదా మగదా, వయసెంత, తోటి కుక్కతో ఎలా ఆడుతుంది. ఈ మూడూ తేలితే బ్రీడ్ సంగతి సగం దానంతటదే తేలిపోతుంది. హైదరాబాద్‌లో ఓ ఫ్లాట్, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మగ ల్యాబ్, దానికి తోడుగా ఏడాది వయసు దాటాక తెచ్చుకున్న దేశీ ఆడకుక్క. ఈ రెండింటినీ ఏళ్లుగా కలిపి పెంచుతున్న ఇంటి నుంచి రాస్తున్న సమీక్ష ఇది. ఇదే జత మళ్లీ ఎంచుకుంటారా అంటే సందేహం లేకుండా ఎంచుకుంటాం. అయితే దీనికీ కొన్ని ఇబ్బందులున్నాయి, వాటినీ చెబుతాను.

ముందు ల్యాబ్ సంగతి. ఎదిగిన మగది 29 నుంచి 36 కేజీలు తూగుతుంది. మనుషులతో ఎంత మెత్తగా ఉన్నా తోటి కుక్కలతో దాని ఆట మోటు. ఛాతీతో గుద్దుతుంది, మెడ మీద ముందుకాలు వేస్తుంది, చెవి నోట పట్టి లాగుతుంది. ఇందులో కోపమేమీ ఉండదు. కానీ అవతలున్నది ఆరు కేజీల షిట్జూ అయితే ఆ గుద్దుకు కాలు విరగొచ్చు. బెదురు కుక్క అయితే మంచం కింద దూరి బయటికే రాదు. అందుకని రెండోది కనీసం పదిహేను కేజీలైనా ఉండాలి, దెబ్బ కాచుకోవడమో తప్పుకోవడమో తెలిసినదై ఉండాలి. దేశీ కుక్కలు ఎక్కువగా 15 నుంచి 22 కేజీల మధ్య ఉంటాయి, తప్పుకోవడం వాటికి ఒంట్లోనే ఉంటుంది.

రెండూ ఆడుతుంటే పక్కన కూర్చుని చూడండి. ల్యాబ్ ఊపుతో మీదికొస్తుంది. దేశీది చివరి క్షణం దాకా కదలదు, తర్వాత నడుము వంచి సోఫా అంచు పక్కగా జారుకుంటుంది. ల్యాబ్ గచ్చు మీద కాళ్లు జారి ఆగుతుంది, వెనక్కి తిరిగి ముందుకాళ్లు చాచి, నడుము పైకెత్తి మళ్లీ రమ్మంటుంది. ఇంతలో రెండూ ఆగి, తల నుంచి తోక దాకా ఒళ్లు విదిలించుకుంటాయి. ఆ విరామం వస్తున్నంత సేపు అది ఆటే, గుర్రుమన్నా పళ్లు కనిపించినా కంగారు పడక్కర్లేదు. విరామాలు ఆగిపోయి, ఒకటే ఎప్పుడూ పైన ఉండి, కింద ఉన్నది తోక ముడుచుకుని తప్పించుకునే దారి చూస్తుంటే మాత్రం పిలిచి విడదీయాలి. (గచ్చు మీద రబ్బరు అడుగున్న తివాచీ పరవడం మరిచిపోవద్దు. టైల్స్ మీద జారిజారి ల్యాబ్ తుంటి కీళ్లు దెబ్బతినొచ్చు. ఆ బ్రీడ్‌కు హిప్ డిస్ప్లాసియా, అంటే తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం అనే ముప్పు మామూలుగానే ఎక్కువ.)

మిగతా బ్రీడ్లు ఎందుకు కాదంటే. బీగల్ గుంపులో బతకడానికి అలవాటైన కుక్క, ల్యాబ్‌తో బాగా కలుస్తుంది. ఆ మాటకొస్తే స్వభావం వరకు చూస్తే మొదటి వరస దానిదే. కానీ అది ఊళపెడుతుంది, ఆ గొంతు మూడంతస్తుల కింద దాకా వినిపిస్తుంది. పైగా ల్యాబ్‌లాగే తిండిపోతు, కాబట్టి గిన్నెల దగ్గర పోటీ రెట్టింపు. ఇండిపెండెంట్ ఇల్లు, చుట్టూ ప్రహరీ ఉన్నవాళ్లు మాత్రం బీగల్‌ను తప్పక పరిశీలించాలి. ముధోల్ హౌండ్ కర్ణాటకలోని బాగల్‌కోట్ ప్రాంతపు వేట కుక్క, 2005లో దాని మీద తపాలా బిళ్ల కూడా వచ్చింది. చూడముచ్చటైన జంతువు. అయితే దానికి రోజూ విడిచిపెట్టి పరుగెత్తించే మైదానం కావాలి, పిల్లి కనిపిస్తే పిలుపు వినదు, మీద పడి తోసే ల్యాబ్ ఆట దానికి నచ్చదు. జర్మన్ షెపర్డ్ తన మనుషులను, తన చోటును కాపలా కాస్తుంది. అందరి ఒళ్లోకీ ఎక్కే ల్యాబ్‌తో దానికి పేచీ వచ్చే అవకాశం ఎక్కువ. పగ్ మన ఎండాకాలంలో ల్యాబ్ వేగానికి ఊపిరందక ఇబ్బంది పడుతుంది, ఉబ్బిన ఆ కళ్లకు ఒక్క గోరు తగిలినా ప్రమాదమే. మంచు ప్రాంతపు హస్కీ మాట మన వాతావరణంలో ఎత్తకపోవడమే మంచిది. ఇంకో ల్యాబ్? ఆట కుదురుతుంది, కానీ బొచ్చు, తిండి, బరువు, ముసలితనపు కీళ్ల ఖర్చు, అన్నీ రెండింతలు.

ఆడ మగ విషయంలో రాజీ వద్దు. మగకు ఆడ, ఆడకు మగ, రెండింటికీ ఆపరేషన్. రెండు ఆడకుక్కల మధ్య మొదలైన పోట్లాటలు చాలా ఇళ్లలో ఒకదాన్ని వేరే ఇంటికి పంపేదాకా తెగవు. రెండు మగవి కొంత నయం. ఆపరేషన్ కాని ఆడది ఎదకొచ్చిందంటే సుమారు మూడు వారాలు ఇంట్లో మగదానికి తిండీ నిద్రా ఉండవు. వీధి నుంచి తెచ్చే పెద్ద కుక్కకు చెవి కొసన ఇంగ్లీషు 'V' ఆకారపు గాటు ఉందేమో చూడండి, ఆపరేషన్ అయిందనడానికి అది గుర్తు. ల్యాబ్‌కు మాత్రం కీళ్లు గట్టిపడేలా ఏడాది దాటాకే చేయించడం మేలు.

వయసు: మొదటి కుక్కకు రెండేళ్లు దాటి, పిలిస్తే వచ్చేంత శిక్షణ అయ్యాకే రెండోదాన్ని తేవాలి. రెండు పిల్లల్ని ఒకేసారి తెస్తే అవి ఒకదానికొకటి అంటుకుపోయి మనిషి మాట వినవు, విడదీస్తే ఏడుస్తాయి. అలాగే తొమ్మిదేళ్లు దాటిన ల్యాబ్ మీదికి రెండు నెలల కూనను తేవడం దానికి శిక్ష. ఏడాది నుంచి మూడేళ్ల లోపు దేశీ కుక్కను తీసుకుంటే పెద్ద లాభముంది. దాని సైజూ స్వభావమూ అప్పటికే తేలిపోయి ఉంటాయి. బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ లాంటి జంతు సంరక్షణ సంస్థల్లో, ఇళ్లలో తాత్కాలికంగా సాకేవాళ్ల దగ్గర ఇలాంటివి దొరుకుతాయి. అక్కడికి వెళ్లినప్పుడు దాని దగ్గరికి మీరు పోకుండా పక్కకు తిరిగి కూర్చోండి. ఐదు నిమిషాల్లో తనంతట తాను వచ్చి వాసన చూస్తే మంచి గుర్తు. స్టీల్ గిన్నె ఒకటి కింద పడేయండి. ఉలిక్కిపడి, మళ్లీ తేరుకుని వచ్చి గిన్నెను చూసే కుక్క ఇంటికి పనికొస్తుంది. మూలకు పోయి వణుకుతూ ఉండిపోయేది దీపావళికి మీ ఇంట్లో నరకం చూస్తుంది.

ఇంటికి తెచ్చే ముందు రెండు వారాలు వేరుగా ఉంచడం తప్పనిసరి. పార్వో, డిస్టెంపర్ లాంటి ప్రాణాంతకమైన అంటువ్యాధులు ఉంటే ఆ లోపు చాలావరకు బయటపడతాయి. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌తో చావదు. ఒక వంతు బ్లీచ్‌కు ముప్పై వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి కడగాలి. టీకాల చరిత్ర తెలియని పెద్ద కుక్కకు డీహెచ్‌పీపీఐ (డిస్టెంపర్, పార్వో లాంటివాటికి కలిపి ఇచ్చేది), లెప్టో (ఎలుకల మూత్రంతో సోకే జబ్బుకు) కలిసిన టీకా మూడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు, రేబిస్ టీకా, తర్వాత ఏటా డాక్టర్ చెప్పినట్టు. నులిపురుగుల మందు మూడు నెలలకోసారి, రెండింటికీ ఒకే రోజు.

పరిచయం ఇంట్లో జరగకూడదు. రెండింటికీ కొత్తదైన రోడ్డు మీద, ఇద్దరు మనుషులు, చెరో లీష్ (కుక్కను పట్టుకునే తాడు). మొదట పదిహేను అడుగుల ఎడంతో ఒకే దిక్కుకు నడవండి. లీష్ వదులుగా ఉండాలి, బిగిస్తే ఆ బిగువు కుక్కకూ పాకుతుంది. పది నిమిషాలు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా నడిస్తే ఎడం తగ్గించండి. ముఖాముఖి రానివ్వకుండా పక్క నుంచి వంపు తిరిగి కలవనిచ్చి, మూడు సెకన్లు వాసన చూడగానే హుషారుగా పిలిచి ముందుకు నడిపించండి. నోరు మూసుకుని, ఒళ్లు బిగుసుకుని, తోక నిటారుగా పెట్టి చిన్నగా కొడుతుంటే అది స్నేహం కాదు, మళ్లీ దూరం జరగాలి. ఇంట్లోకి కొత్తది ముందు వెళ్లాలి, పాతది తర్వాత. అప్పటికి బొమ్మలు, ఎముకలు, గిన్నెలు అన్నీ తీసి దాచేయాలి.

అసలు తలనొప్పి తిండి దగ్గరే. ల్యాబ్ ఆకలి వట్టి అలవాటు కాదు. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు ఇంచుమించు నాలుగో వంతు ల్యాబ్‌లలో పీఓఎంసీ అనే జన్యువులో లోపం ఉందనీ, దాని వల్ల బరువూ తిండి యావా పెరుగుతాయనీ తేల్చారు. దేశీది తీరు వేరు. కొంచెం తిని, వదిలేసి, గంట తర్వాత మళ్లీ వచ్చే రకం. ఆ మిగిలిన తిండిని ల్యాబ్ లాగించేస్తుంది. మూడు నెలల్లో ఒకటి ఉబ్బి, ఇంకొకటి ఎముకలు తేలి కనిపిస్తే కారణం ఇదే. మందు ఒక్కటే: వేర్వేరు గదులు, తలుపు మూసి, పదిహేను నిమిషాలు, తర్వాత మిగిలినా గిన్నె తీసేయడం. నాలుగైదు రోజుల్లో దేశీదానికి వేళ అలవాటవుతుంది. 30 కేజీల ల్యాబ్‌కు రోజుకు 300 గ్రాముల డ్రై ఫుడ్, 16 కేజీల దేశీదానికి 200 గ్రాములు, రెండు పూటలుగా, కిచెన్ త్రాసు మీద తూచి. డబ్బాతో కొలిస్తే ప్రతిసారీ ఎక్కువే పడుతుంది. ఇంట్లో వండిన చికెన్, అన్నం పెడితే అంత మేరకు డ్రై ఫుడ్ తగ్గించాలి, ఉల్లి వెల్లుల్లి అస్సలు వేయకూడదు. పక్కటెముకల మీద చెయ్యి వేస్తే నొక్కకుండానే తగలాలి, రెండింటికీ అదే కొలత.

తిండి తర్వాత గొడవలు వచ్చే చోట్లు గుమ్మం, సోఫా, మనిషి ఇంటికొచ్చిన క్షణం. ఎక్కడ ఇరుకో అక్కడ తగువు. బయటికెళ్లేటప్పుడు ఒకదాన్ని కూర్చోబెట్టి రెండోదానికి లీష్ తగిలించండి. గుర్రుమన్నందుకు మాత్రం తిట్టొద్దు. గుర్రు మానిన కుక్క ఈసారి హెచ్చరిక లేకుండానే కరవొచ్చు. నిజంగానే కలబడితే చేతులతో మెడ పట్టీలు పట్టుకోవద్దు, మధ్యలోకి కుర్చీనో ప్లైవుడ్ ముక్కనో పెద్ద ట్రేనో దూర్చి చెరో గదిలోకి పంపాలి.

దేశీ కుక్కతో వచ్చే ఇబ్బందుల్లో పెద్దది మొరుగు. లిఫ్ట్ తలుపు చప్పుడు, మెట్ల మీద చెప్పుల శబ్దం, బాల్కనీ కింద పిల్లి, దేనికైనా మొరుగుతుంది. ల్యాబ్ కూడా దానితో గొంతు కలపడం నేర్చుకుంటుంది. బాల్కనీ గ్రిల్‌కు కింద నుంచి మూడడుగుల మేర మసక షీట్ కట్టడం, పొద్దున్నే తెల్లారకముందు ఒక నడక, చీకటి పడ్డాక ఇంకొకటి, దీంతో సగానికి పైగా తగ్గుతుంది. పూర్తిగా మాత్రం పోదు. కింది ఫ్లాట్‌వాళ్లకు ముందే చెప్పి ఉంచడం మర్యాద. పెంపుడు జంతువులను అపార్ట్‌మెంట్ సంఘాలు నిషేధించడం కుదరదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పింది, అయినా పొరుగువారితో మాట మంచిగా ఉంటేనే రోజు గడుస్తుంది.

రెండోది, తప్పించుకోవడం. దేశీ కుక్క తలా మెడా దాదాపు ఒకే మందం. మామూలు మెడ పట్టీ వెనక్కి లాగితే చటుక్కున జారిపోతుంది. మొదటి ఆరు నెలలు ఛాతీకి తొడిగే హార్నెస్‌కు ఒక లీష్, బిగుసుకునే రకం మెడ పట్టీకి ఇంకొకటి, రెండూ ఉండాలి.

మూడోది పిడుదులు, కొందరు గోమార్లనేవి. ఇవి దేశీదానికే వస్తాయనుకోవడం పొరపాటు, కనబడేవి దాని పొట్టి బొచ్చులో, దాక్కునేవి ల్యాబ్ ఒత్తు బొచ్చులో. వేళ్ల సందులు, చెవి లోపలి మడతలు, తోక మొదలు రోజూ తడిమి చూడాలి. పిడుదు గోడ పగుళ్లలో వేలల్లో గుడ్లు పెడుతుంది, కాబట్టి ఒక కుక్కకే మందు వేస్తే వృథా. పిడుదులను చంపే మందుల్లో ఫ్లూరలానర్ మాత్ర సుమారు పన్నెండు వారాలు పనిచేస్తుంది, అఫాక్సోలానర్ నెల. ఏదైనా బరువును బట్టి వేర్వేరు మాత్రలు కొనాలి. పెద్దది కొని రెండు ముక్కలు చేయొద్దు, మందు మాత్రంతా సమంగా కలిసి ఉంటుందన్న నమ్మకం లేదు. జ్వరం, తిండి మానడం, పాలిపోయిన చిగుళ్లు, ముక్కు నుంచి రక్తం, వీటిలో ఏది కనిపించినా పిడుదుల వల్ల సోకే ఎర్లికియా అనే జబ్బు అనుమానంతో అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. ఒకదానికి తేలితే రెండోదానికీ చేయించండి.

కలిసి ఏళ్లు గడిచాక తేడా వయసులో కనిపిస్తుంది. ల్యాబ్ ఏడెనిమిదేళ్లకే నెమ్మదిస్తుంది, దేశీది అప్పటికీ మెట్లు ఎక్కి దిగుతూనే ఉంటుంది. అప్పుడు నడకలు విడదీయాలి: ల్యాబ్‌కు ఇరవై నిమిషాల చొప్పున రెండుసార్లు, దేశీదానికి ఒక పూటైనా ముప్పావుగంట వేగంగా. ల్యాబ్‌కు ఒక గదిలో దేశీది రాలేని పరుపు ఉండాలి. ఆసుపత్రి నుంచి ఒకటి తిరిగొచ్చిన రోజు ఇంట్లో ఉన్నది ఆ మందుల వాసనకు గుర్రుమనడం మామూలే. అలాంటప్పుడు నేరుగా తలుపు తీయకుండా, కింద గేటు దగ్గర కలిపి కాసేపు నడిపించి, తర్వాత రెండింటినీ కలిపి పైకి తీసుకురండి.