మారతహళ్లి కుట్టు క్లాసులో మూడు నెలలు

మాది కదిరి. డిగ్రీ అయ్యాక బెంగళూరు మారతహళ్లిలో మా అక్కావాళ్లింటికి వచ్చాను. వెనక సందులో కిరాణా కొట్టు మేడ మీద ఈ టైలరింగ్ క్లాసు. మూడు నెలలకు ఆరు వేలు, రోజూ పదిన్నర నుంచి ఒంటి గంట దాకా. నేర్పే ఆవిడది చిత్తూరు, అందరం అక్కా అనే పిలుస్తాం.

మొదటి పదిహేను రోజులు బట్ట ముట్టుకోనివ్వలేదు. పాత న్యూస్‌పేపర్ల మీదే కటింగ్. నాకు విసుగొచ్చింది. ఆ తర్వాత నేను కుట్టిన మొదటి లైనింగ్ జాకెట్టు చంక దగ్గర పట్టేసింది. చెయ్యెత్తితే జాకెట్టంతా పైకి వచ్చేసేది. అక్క తిట్టలేదు. జాకెట్టు చేతులు విప్పించి, నా పేపర్ కటింగే తెచ్చి పక్కన పెట్టింది. ముందు భాగానికీ వెనక భాగానికీ చంక ఒకేలా కోసేశాను! ముందు వైపు అరంగుళం లోతు తీసి, చేతికి కూడా ముందు వైపు అలాగే తీసి మళ్లీ కుట్టాను. సరిగ్గా కూర్చుంది. ఆ రోజు ఇంటికెళ్లి అన్నం కూడా తినకుండా మా సొంత అక్కకి చూపించాను.

కానీ ఈ క్లాసులో నాకు అన్నిటికంటే పనికొచ్చింది లెక్కల పుస్తకం. ప్రతి జాకెట్టుకీ లైనింగ్ ఎంత, దారం ఎంత, హుక్కులు ఎంత, ఎన్ని గంటలు కూర్చున్నాం అన్నీ రాయాలి. ధరలు తెలియాలని ఒకసారి అక్క అందరినీ చిక్‌పేట బట్టల బజారుకి తీసుకెళ్లింది. (శక్తి పథకంలో 2023 జూన్ నుంచి కర్ణాటక ఆడవాళ్లకి ప్రభుత్వ బస్సు ఉచితం. నా ఆధార్ ఇంకా కదిరిదే, అందుకని నేనొక్కదాన్నే టికెట్టు కొన్నాను.) శుక్రవారం మాత్రం కుట్టు ఉండదు, కుట్టుకూలి అడగడం ప్రాక్టీసు. ఒకరు కస్టమర్, ఒకరు టైలర్. "మీ ఇష్టం వదినా, ఎంతైనా ఇవ్వండి" అంటే అక్క ఒప్పుకోదు, మళ్లీ మొదటి నుంచి చెప్పిస్తుంది. డబ్బు అడగాలంటే నాకు గొంతు పెగిలేది కాదు. పోయిన నెల పై ఇంటి వదిన అడిగితే "నాలుగొందలు" అని కళ్లలోకి చూసి చెప్పాను. ఇచ్చింది. ఆ నెల ఏడు జాకెట్లు కుట్టాను. మొదటిసారి నా ఫోన్ రీఛార్జికి ఎవరినీ అడగలేదు.

లోపాలు చెప్పాలి. పన్నెండు మందికి ఐదే మిషన్లు, ఒక్కదానికే మోటారు. చీరలకి ఫాల్, పికో చెప్పనే లేదు. మధ్యలో మానేసిన అమ్మాయికి ఒక్క రూపాయి వెనక్కివ్వలేదు, అది నాకు నచ్చలేదు. సొంత మిషన్ కొనుక్కోవడం గురించి కూడా ఒక్క మాట చెప్పలేదు. కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకంలో శిశు లోన్ 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారని మా బావ చెప్తేగానీ తెలియలేదు.

చేరేవాళ్లు కత్తెర సొంతది తెచ్చుకోండి, అక్కడివి మొద్దుబారిపోయాయి. పది గంటలకే వెళ్తే కిటికీ పక్కన ఉన్న మోటారు మిషన్ దొరుకుతుంది.