ఫిగ్మా ప్రో సీటు 1,800కే అంటారు, చివరికి ఫైళ్లు వాళ్లవే అంటారు. అనంతపురం డిజైనర్లూ, జాగ్రత్త

ఫిగ్మా అంటే యాప్ స్క్రీన్లు గీసే ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్, ప్రో అంటే దాని డబ్బు కట్టే ప్లాన్, సీటు అంటే అందులో ఒక మనిషికిచ్చే అనుమతి. సప్తగిరి సర్కిల్ వైపు నుంచి వాట్సాప్ గ్రూపుల్లో 'ఫిగ్మా ప్రో, ఏడాదికి 1,800' అని పెడుతుంటాడే, ఆ మనిషి దగ్గర ఎవరూ కొనొద్దు. ఇప్పటికే కొన్నవాళ్లు చదవడం ఇక్కడే ఆపి, ప్రతి ఫైలూ తెరిచి, ఫైల్ మెనూలో 'సేవ్ లోకల్ కాపీ' నొక్కి డాట్ ఫిగ్ ఫైలుగా కంప్యూటర్‌లోకి దించుకోండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

నిన్న జరిగింది ఇది. చీనీ (బత్తాయి) మండీ వ్యాపారి ఒకాయనకు నేను చేస్తున్న యాప్ డిజైన్ అది. లాట్ నమోదు, టన్ను ధర, కమీషన్, రైతుకిచ్చే తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ), అన్నీ కలిపి 46 స్క్రీన్లు. ఆయన యార్డులో నిలబడి ప్రోటోటైప్ (నొక్కి చూసే నమూనా) లింకు తెరిస్తే స్క్రీన్లు రాలేదు, అనుమతి అడగమని ఒక పేజీ వచ్చింది. ఇక్కడ చూస్తే ఫైలు జాబితాలోనే లేదు.

సీటు అమ్మినవాడికి ఫోన్ చేస్తే, "సీటు తీసేసినామప్పా" అన్నాడు. కట్టింది ఏడాదికి, గడిచింది ఏడు నెలలు. అదే అడిగితే వచ్చిన జవాబు ఇంకా చెవిలోనే ఉంది. "నువ్వు సీటుకి కట్టినావు, ఫైలుకి కాదు. ఫైలు మా టీమ్‌లో ఉండాది, అంటే మాదే. కావాలంటే ఇంకో 6,000 పంపు, కాపీ ఇస్తా." అంతటితో ఆగలేదు. "మీ చీనీకాయలాయన ఏ రైతుకి ఎంత రేటు ఇచ్చినాడో కూడా చూసినాలే" అన్నాడు. డబ్బు అడిగినందుకు కాదు, ఆ మాటకు ఒళ్లు మండిపోయింది. స్క్రీన్లలో ఉత్తుత్తి పేర్లు పెట్టకుండా అసలు తక్‌పట్టీలోని పేర్లు, ధరలు పెట్టడం నా తప్పే. ఆ వ్యాపారికి ముఖం ఎలా చూపించాలో తెలియడం లేదు.

ఇది ఎలా చేస్తారో తెలుసుకోండి. వాళ్లు అమ్మేది లైసెన్స్ కాదు. వాళ్ల పేరు మీద ఉన్న టీమ్‌లోకి మన ఈమెయిల్‌ను పిలుస్తారు, అంతే. ఫిగ్మాలో ఫైలు దాన్ని గీసిన మనిషిది కాదు, అది ఉన్న టీమ్‌ది. ఆ టీమ్ ప్రాజెక్టుల్లో గీసిందంతా మనల్ని తీసేసినా అక్కడే ఉంటుంది. 'నేను డ్రాఫ్ట్స్‌లో పెట్టుకున్నాలే' అనుకుంటారేమో, ఇప్పుడు డ్రాఫ్ట్స్ అనే సొంత చిత్తు ఫైళ్లు కూడా టీమ్ లోపలే. ఆ తర్వాత షేర్ సెట్టింగ్‌ను 'పిలిచినవాళ్లకు మాత్రమే' అని మార్చేస్తే, క్లయింటుకు ఇచ్చిన ప్రతి ప్రోటోటైప్ లింకూ ఆ క్షణమే చచ్చిపోతుంది. చూసేవాళ్లకు కాపీ అనుమతి కూడా తీసేస్తే డూప్లికేట్ చేసుకునే దారీ ఉండదు.

డబ్బు కట్టేముందు చూడాల్సింది ఒక్కటే. టీమ్ పేజీలో మెంబర్స్ జాబితా తెరిచి, మీ పేరు పక్కన ఓనర్ అని ఉందో లేదో చూడండి. ఒక టీమ్‌కు ఓనర్ ఒక్కరే. ఎడిట్ చేయగలుగుతున్నాం కదా అని సరిపెట్టుకోవద్దు. 'మీ టీమ్ మీరే పెట్టుకోండి, దానికే ప్లాన్ కడతాం' అన్నవాడితో మాట్లాడొచ్చు, 'మా టీమ్‌లోకి రండి' అన్నవాడితో వద్దు. 2025 మార్చిలో రేట్లు మారాక ప్రొఫెషనల్ ప్లాన్‌లో ఫుల్ సీటు ఏడాదికి ఒకేసారి కడితే నెలకు 16 డాలర్లు, నెలనెలా కడితే 20. పన్ను అదనం. ఏడాదికి 192 డాలర్ల సరుకు 1,800 రూపాయలకు ఎలా వస్తుందని అడగాల్సింది, అడగలేదు.

లోకల్ కాపీ ఉంటే అంతా భద్రమనీ అనుకోవద్దు. పాత డాట్ ఫిగ్ ఒకటి దొరికింది, తెరిచాను. ఫ్రేములు, ప్రోటోటైప్ బాణాలు వచ్చాయి. కామెంట్లు రాలేదు, వెర్షన్ హిస్టరీ (పాత మార్పుల చరిత్ర) రాలేదు. వ్యాపారి ఒక్కో స్క్రీన్ కింద 'ఇది ఖాయం' అని రాసిందంతా కామెంట్లలోనే ఉండేది. బటన్లు, ఫారాల అసలు నమూనాలు (మెయిన్ కాంపోనెంట్లు) వేరే లైబ్రరీ ఫైలులో పెట్టడం వల్ల ఇంకో నష్టం. స్క్రీన్లలో వాడిన వాటి నకళ్లు, అంటే ఇన్‌స్టెన్స్‌లు, కనిపిస్తాయి కానీ మెయిన్ కాంపోనెంట్ అందదు, ఒకచోట రంగు మారిస్తే 46 చోట్లా మారే వీలు పోయింది. మళ్లీ కాంపోనెంట్లు కట్టి ఒక్కొక్కటీ స్వాప్ చేయాలి. అందుకే దించేటప్పుడు లైబ్రరీ ఫైలునూ దించండి, కామెంట్లకు స్క్రీన్‌షాట్లు తీసుకోండి.

నిజానికి ఒక్కరే పనిచేసే వాళ్లలో చాలామందికి ప్రో అక్కర్లేదు. ఉచిత స్టార్టర్ ప్లాన్‌లో వెర్షన్ హిస్టరీ 30 రోజులే, ఫైళ్లకూ పేజీలకూ పరిమితి ఉంది. అయినా 40, 50 స్క్రీన్ల యాప్ ఒక్క ఫైలులో హాయిగా పడుతుంది. విద్యార్థులకు, టీచర్లకు ఎడ్యుకేషన్ ప్లాన్ ఉచితం, దాన్ని ఎవరైనా అమ్మితే అది మోసమే. ఇలాంటిదే ఇంకో డిజైన్ టూల్ పెన్‌పాట్, ఓపెన్ సోర్స్, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, అదీ చూడండి.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్లు చాట్లు, యూపీఐ రసీదు తుడిచేయొద్దు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. నేను ఈ పొద్దు చేశాను. ఆ మనిషి అడిగే 6,000 మాత్రం కట్టొద్దు, కాపీ ఇచ్చినా అసలు ఫైలు వాడి టీమ్‌లోనే ఉంటుంది.