నాటిలస్ స్క్రిప్టులు: పని చేస్తాయి, కానీ నోరు విప్పవు

మా నెట్ సెంటర్‌లోని ఉబుంటు (లైనక్స్) సిస్టమ్ మీద నాటిలస్ స్క్రిప్టులు చాలాకాలంగా వాడుతున్నాను. నాటిలస్ అంటే ఫోల్డర్లు, ఫైళ్లు తెరిచి చూపే ప్రోగ్రామ్, స్క్రిప్టులంటే దాని రైట్ క్లిక్ మెనూ నుంచి నడిపే, మనం రాసుకున్న చిన్న కమాండ్ ఫైళ్లు. స్క్రిప్టు ఏ ఫోల్డర్‌లో పెట్టాలి, ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఎలా ఇవ్వాలి అన్నవి ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నాకు దీని మీద ఉన్న కోపం ఒక్కటే. పని జరగకపోయినా ఒక్క ముక్క చెప్పదు.

ముందు మంచి సంగతి. మాకు రోజూ ఉండే పని ఫొటోలు, సంతకాల సైజు తగ్గించడం. ఒక్కో దరఖాస్తుది ఒక్కో లెక్క, కొన్నిటికి 50 కేబీ దాటితే సైటు తీసుకోదు. ఇంతకుముందు ప్రతి ఫొటోకీ గింప్ అనే ఫొటో ఎడిటర్ తెరిచి క్వాలిటీ స్లైడర్ జరుపుతూ కూర్చునేవాళ్లం. ఇప్పుడు అన్నీ సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి, స్క్రిప్ట్స్‌లో '50 కేబీ' నొక్కితే చాలు. వెనకాల నడిచేది ఫొటోలను మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్ కమాండే. ముందు ఫొటో కొలతలు తగ్గిస్తుంది, తర్వాత జేపెగ్ ఎక్స్‌టెంట్ అనే సెట్టింగ్‌తో ఫైల్ సైజుకు హద్దు పెడుతుంది. ఈ వరుస తప్పకూడదు. ఫోన్ ఫొటోను ఉన్నదున్నట్టు 50 కేబీలో కుక్కితే సంతకం అలుక్కుపోతుంది. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ అంటేనే టెన్షన్ పడే మా కుర్రాడు కూడా ఇప్పుడు ఈ పని కళ్లు మూసుకుని చేసేస్తాడు.

ఒకసారి ఏదో దరఖాస్తుకు ఆఖరి రోజు, సాయంత్రం. దుకాణం నిండా జనం. ఒకాయన కూతురి సర్టిఫికెట్ల ఫొటోలు ఫోన్‌లోనే ఉన్నాయంటే, కేబుల్ పెట్టి ఫోన్ ఫోల్డర్ తెరిచి, అక్కడే సెలెక్ట్ చేసి స్క్రిప్టు నొక్కాను. ఏమీ కాలేదు. ఎర్రర్ లేదు, కొత్త ఫైల్ లేదు. మళ్లీ నొక్కాను, అంతే. "అయ్యిందా అన్నా?" అని ఆయన అడుగుతూనే ఉన్నాడు. ఫోన్ పాడైందా, కేబుల్ పోయిందా, స్క్రిప్టే చెడిందా అన్నది తెలిసే దారి లేదు. ఆ పూటకి ఫొటోలు డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసుకుని గండం గట్టెక్కించాం.

రాత్రి స్క్రిప్టు మొదట్లోనే, వచ్చిన ఫైళ్లెన్నో ఒక లాగ్‌లో రాయమని ఒక లైను చేర్చి చూశాను. సున్నా. కేబుల్‌తో పెట్టిన ఫోన్ నాటిలస్ లెక్కలో లోకల్ ఫోల్డర్ కాదు. అలాంటి చోట్ల అది స్క్రిప్టుకు ఫైల్ పేర్లు ఇవ్వదు, ఉత్త చేతులతో పంపిస్తుంది. ఇది దాని డాక్యుమెంటేషన్‌లో రాసే ఉందట. సరే, కానీ నొక్కినప్పుడు ఆ మాట చెబితే ఏం పోయింది? స్క్రిప్టు ఇచ్చే అవుట్‌పుట్ గానీ ఎర్రర్ గానీ కనిపించే కిటికీయే లేదు.

ఇప్పుడు నా ప్రతి స్క్రిప్టూ, ఫైళ్లు రాకపోతే నోటిఫై-సెండ్ అనే కమాండ్‌తో ఆ మాట తెరమీద చూపిస్తుంది, పని అయినా చెబుతుంది. స్క్రిప్టులో, వచ్చిన ఫైల్ పేర్లన్నిటికీ గుర్తుగా రాసే డాలర్ యాట్ ($@) చుట్టూ డబుల్ కోట్స్ కూడా మానను. వాట్సాప్ వెబ్ నుంచి దిగే ఫొటోల పేర్ల నిండా ఖాళీలే, కోట్స్ లేకపోతే ఒక్క పేరు ముక్కలు ముక్కలవుతుంది.

కళ్లు మూసుకుని చేస్తాడన్నానుగా, పీడీఎఫ్ సెలెక్ట్ చేసినా ఆ మెనూలో ఫొటో స్క్రిప్టులే వరసగా కనిపిస్తాయి, వాడు అప్పుడప్పుడూ తప్పుది నొక్కుతాడు. లైనక్స్ మింట్‌లో నాటిలస్ లాగే వచ్చే నెమో అనే ప్రోగ్రామ్‌లో యాక్షన్స్ అని ఉన్నాయి, ఫైల్ రకాన్ని బట్టి మెనూలో కనిపించేలా పెట్టుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు అది చూడండి. నేను మాత్రం మారను. సీజన్ మధ్యలో సిస్టమ్ మార్చే ధైర్యం లేదు, పైగా నా స్క్రిప్టులన్నీ ఇక్కడే కుదురుకున్నాయి. రోజూ ఒకే రకం పని పదేపదే చేసేవాళ్లకైతే ఇది బాగుంటుంది. ఎప్పుడో ఒకసారి ఒక ఫొటో తగ్గించుకునేవాళ్లకు గింప్ చాలు.