గేర్ రాడ్ పొడిగిద్దామా, బేస్‌నే లేపుదామా?

రేసు ట్రాక్ మీద చెయ్యి స్టీరింగ్ వదిలి గేర్ రాడ్‌ను అందుకునే దూరం ఎంత తగ్గితే అంత మేలు. కేబుల్ గేర్ల కార్లకు, అంటే గేర్ రాడ్ నుంచి గేర్‌బాక్స్‌కు కేబుళ్లు పోయే కార్లకు, రెండు దారులున్నాయి: రాడ్ పొడిగించడం, లేదా రాడ్ నిలిచే బేస్‌ను లేపడం.

నాబ్ (రాడ్ కొసన చేత్తో పట్టుకునే గుండు) కింద పొడిగింపు ముక్క బిగించడం సులువు, ఖర్చు తక్కువ. నల్గొండలో లేత్ షాపుకు పాత నాబ్ పట్టుకెళ్తే, దాని థ్రెడ్ చూసి 75 మి.మీ. ముక్క తీసిస్తారు. కానీ లెక్క చూడండి: అడుగున రాడ్ తిరిగే కీలు నుంచి నాబ్ దాకా 250 మి.మీ. ఉన్న రాడ్ 325 అవుతుంది. 100 మి.మీ. కదలిక 130కి పోతుంది. గేరు తేలిగ్గానే పడుతుంది, చెయ్యి మాత్రం ఎక్కువ దూరం తిరగాలి. రేసులో అది నష్టమే.

బేస్‌నే లేపితే కదలిక మారదు. మా ఓటు దీనికే. 3 మి.మీ. ఉక్కు రేకుతో 60 మి.మీ. ఎత్తు పెట్టె వెల్డింగ్ చేయించి, దాని మీద బేస్ బిగించాలి. పొడుగు బోల్టులకు వాషర్లు పేర్చి లేపితే బేస్ ఊగుతుంది, గేరు పూర్తిగా పడిందో లేదో చేతికి తెలియదు.

అసలు తిప్పలు కేబుళ్లతోనే. ఫ్లోర్ క్లిప్పులు విప్పి, వదులిచ్చి, పెద్ద వంపుతో పోనివ్వండి. బేస్ దగ్గర మడత పడితే లోపలి తీగ రాసుకుని రాడ్ బరువెక్కుతుంది. తర్వాత న్యూట్రల్‌లో కేబుల్ సర్ది, బండి కదిలించకముందే రివర్స్‌తో సహా అన్ని గేర్లూ వేసి చూడాలి. సగమే పడిన గేరు యాక్సిలరేటర్ తొక్కగానే జారిపోతుంది, పళ్ల అంచులు అరిగిపోతాయి.

మే నెల పాలమూరు ఎండలో అల్యూమినియం నాబ్ అరచేతిని కాలుస్తుంది. ఏ దారి పట్టినా ప్లాస్టిక్ నాబే వేయించండి.