అమ్మతో డాలస్ ప్రయాణం: టికెట్‌లో కనిపించని గంటలు

టికెట్ చూసి అమ్మ సంబరపడింది. "రాత్రి తొమ్మిదిన్నరకి ఎక్కితే పొద్దున పదికల్లా డాలస్‌లో ఉంటామా? పన్నెండు గంటలేగా!" అంది. అది గడియారం లెక్క. వేసవిలో డాలస్ టైమ్ మనకంటే 10 గంటల 30 నిమిషాలు వెనక ఉంటుంది. అది కలిపితే అసలు ప్రయాణం 23 గంటలు. మాది విజయవాడ. శంషాబాద్ దాకా కారులో ఐదారు గంటలు, మూడు గంటల ముందే ఎయిర్‌పోర్టుకి చేరడం, అటు దిగాక ఇమ్మిగ్రేషన్ క్యూ, సామాను, ఇల్లు... అన్నీ కలిపి 34 గంటలు పట్టింది.

హైదరాబాద్ నుంచి డాలస్‌కి భూగోళం మీద దారం పెట్టి కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. ఆ దారం ఉత్తర ధ్రువానికి బాగా దగ్గరగా పోతుంది. మేం దుబాయ్‌లో విమానం మారాం కాబట్టి ఇంకో వెయ్యి కిలోమీటర్లు ఎక్కువైంది. దుబాయ్ దాకా నాలుగు గంటలు ఇట్టే గడిచాయి. తర్వాతి 16 గంటలే అసలు పరీక్ష. అమ్మకి మోకాళ్ల నొప్పులు. నడవ పక్క సీటు ముందే డబ్బు కట్టి తీసుకున్నాను, ఈ ప్రయాణంలో నేను పెట్టిన ఖర్చుల్లో అన్నిటికన్నా మంచి ఖర్చు అదే. రెండు గంటలకోసారి లేపి, వెనక కిచెన్ దాకా నడిపించి తీసుకొచ్చాను. శాకాహార భోజనం ముందే చెప్పి పెట్టుకున్నాం, అందరికంటే ముందు వడ్డించారు. పప్పు చప్పగా ఉన్నా అన్నం వేడిగా ఉంది. ఇంటి నుంచి తెచ్చిన కారప్పొడి ఆదుకుంది.

అంతకుముందు ఓసారి చవగ్గా వస్తుందని రెండు చోట్ల మారే టికెట్ కొన్నాను. ఒకచోట తొమ్మిది గంటలు ఆగాలి. వీల్‌చైర్ అడిగి పెట్టుకున్నా నలభై నిమిషాలు ఎవరూ రాలేదు. అమ్మ ఇనుప కుర్చీలో కూర్చుని కాళ్లు వాచిపోయాయి. మిగిలిన ముప్ఫై వేలు నాకు సంతోషం ఇవ్వలేదు. ఈసారి దుబాయ్‌లో మూడు గంటల విరామం సరిగ్గా సరిపోయింది. వీల్‌చైర్ విమానం తలుపు దగ్గరే ఉంది. రెండు గంటల కంటే తక్కువ ఉంటే పెద్దవాళ్లతో టెన్షన్ తప్పదు.

తిరుగు ప్రయాణంలో డాలస్ నుంచి దుబాయ్‌కి పద్నాలుగున్నర గంటలే పట్టింది. పైన పడమటి నుంచి తూర్పుకి వీచే గాలి విమానాన్ని వెనక నుంచి తోస్తుంది. అమ్మ మాత్రం, "ఇంటికెళ్తున్నాం కదా, అందుకే తొందరగా వచ్చేశాం" అంది.